ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్ పార్ట్ 3లో మాట ఆగిపోతుంటే ఏం ప్రాక్టీస్ చేయాలి?

మీరు చెప్పింది క్లుప్తంగా ఇదీ: బీఎస్సీ నర్సింగ్ చేసి నెల్లూరులో ఒక ఆసుపత్రిలో పనిచేస్తున్నారు, యూకే వెళ్లాలనుకుంటున్నారు. దానికోసం రాసిన ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిష్ పరీక్షలో లిజనింగ్, రీడింగ్, రైటింగ్ గట్టెక్కాయి. స్పీకింగ్ మాత్రం 6.5 దగ్గర ఆగింది, కావలసింది 7. పార్ట్ 1లో మీ గురించి అడిగిన ప్రశ్నలకు హాయిగా మాట్లాడారు. పార్ట్ 2లో మీకు నచ్చిన పెద్దవాళ్ల గురించి చెప్పమంటే మీ నాయనమ్మ గురించి గుక్క తిప్పుకోకుండా చెప్పారు. ఆ తర్వాత ఎగ్జామినర్ "కుటుంబాల్లో పెద్దవాళ్ల పాత్ర ఎలా మారింది?" అని అడిగేసరికి మళ్లీ నాయనమ్మ గురించే రెండు వాక్యాలు చెప్పి ఆగిపోయారు. తర్వాతి ప్రశ్నలన్నీ అలాగే పొడిపొడిగా నడిచాయి. మూడు వారాల్లో మళ్లీ పరీక్ష ఉంది. కోచింగ్ సెంటర్ వాళ్లు ఇచ్చిన పీడీఎఫ్‌లో టాపిక్‌ల వారీగా జవాబులున్నాయి, అవి బట్టీ పడితే సరిపోతుందా అని మీ ప్రశ్న.

సరిపోదు. పైగా మీ విషయంలో అది నష్టం కూడా చేస్తుంది. హైదరాబాద్‌లో చాలా ఏళ్లుగా ఈ పరీక్షకు పిల్లల్నీ, ఉద్యోగస్తుల్నీ తయారుచేస్తున్నాను. వాళ్లలో నర్సులు ఎక్కువ. పార్ట్ 3 దగ్గర ఆగిపోయేవాళ్లలో చాలామందికి ఇంగ్లిష్ కొరత కాదు. అడిగిన విషయం గురించి తెలుగులో కూడా ఎప్పుడూ ఆలోచించి ఉండరు, అదీ అసలు సంగతి. నాయనమ్మ గురించి మీకు బోలెడు తెలుసు. 'పెద్దవాళ్లు' అనే మొత్తం వర్గం గురించి ఒక మాట చెప్పమని మిమ్మల్ని ఇంట్లోగానీ కాలేజీలోగానీ ఎవరూ అడగలేదు. అలాంటప్పుడు పరీక్ష గదిలో ఒక్కసారిగా, అదీ ఇంగ్లిష్‌లో, ఎక్కడి నుంచి వస్తుంది?

ముందు ఈ భాగంలో ఏం జరుగుతుందో చూద్దాం. చాలామంది దీన్ని తప్పుగా ఊహించుకుని అనవసరంగా టెన్షన్ పడుతుంటారు. స్పీకింగ్ మొత్తం 11 నుంచి 14 నిమిషాలు. అందులో పార్ట్ 3 నాలుగైదు నిమిషాలు. ప్రశ్నలు పార్ట్ 2 టాపిక్ నుంచే పుడతాయి, కాకపోతే మీ సొంత విషయం నుంచి సమాజం వైపు జరుగుతాయి. పార్ట్ 1లో ఎగ్జామినర్ రాసి ఉన్న ప్రశ్నల్నే అడగాలి. పార్ట్ 3లో మాత్రం ప్రశ్నను తన మాటల్లో మార్చి అడగొచ్చు, మీ జవాబు మీద ఎదురు ప్రశ్న వేయొచ్చు, మీరు చెప్పినదాన్ని కాదని కూడా అనొచ్చు. ఆయన మీతో విభేదిస్తే మీరు తప్పు చెప్పారని కాదు, మిమ్మల్ని ఇంకాస్త మాట్లాడించాలని. మీరు బాగా మాట్లాడుతుంటే ప్రశ్నలు ఇంకా కష్టమవుతాయి. చివరి ప్రశ్నకు నోరు పెగల్లేదని ఏడుస్తూ బయటికొచ్చి 7.5 తెచ్చుకున్నవాళ్లు నాకు తెలుసు. మధ్యలో ఆపేసినా భయపడొద్దు, ఆయన టైమ్ చూసుకోవాలి కదా.

మార్కులు నాలుగు లెక్కల మీద పడతాయి: ధారగా, పొందికగా మాట్లాడటం, పదజాలం, వ్యాకరణం, ఉచ్చారణ. నాలుగింటికీ సమాన విలువ. భాగాల వారీగా మార్కులుండవు, మొత్తం కలిపి చూస్తారు. మీకు వచ్చిన 6.5 అంటే, ఉదాహరణకు, రెండింటికి 7, మిగతా రెండింటికి 6 అయి ఉండొచ్చు. ఆ విడివిడి అంకెలు రిపోర్టులో కనిపించవు. ఈ నాలుగింటిలో 'అభిప్రాయం సరైనదా' అనే లెక్క ఎక్కడా లేదు, 'ఎంత జ్ఞానం ఉంది' అన్నదీ లేదు. ఆర్థిక శాస్త్రం తెలియక్కర్లేదు, పేపర్లో ఎడిటోరియల్స్ చదివి గణాంకాలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. కానీ కారణాలు చెప్పడం, పోల్చడం, ఊహించడం లాంటి పనులకు కావలసిన ఇంగ్లిష్ బయటపడేది ఈ భాగంలోనే. "మీ ఊరేది, మీకు సంగీతం ఇష్టమా" అంటే ఎంత బాగా చెప్పినా ఆ ఇంగ్లిష్ చూపించే అవకాశం తక్కువ. అందుకే 6.5 నుంచి 7కి వెళ్లాలంటే దారి పార్ట్ 3 మీదుగానే ఉంటుంది.

ఎగ్జామినర్లు వాడే బ్యాండ్ (స్కోరు స్థాయి) వివరణల్లో తడబాటు గురించి ఒక తేడా ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. పైస్థాయి బ్యాండ్లలో, ముఖ్యంగా 8 దగ్గర, ఆగడం సాధారణంగా విషయం కోసం ఆలోచించడం వల్లే ఉంటుందని, మాట కోసం తడుముకోవడం అరుదని ఉంటుంది. అంటే ఆగడం తప్పు కాదు. తెలుగులో మనం ఎవరితోనైనా గట్టి విషయం మాట్లాడేటప్పుడు ఆగమా? "అంటే... అదెలా చెప్పాలి..." అనుకుంటాం కదా. అలాంటి ఆగడానికి ఇబ్బంది లేదు. వాక్యం మధ్యలో, నామవాచకం ముందు, క్రియ ముందు ఆగి "దట్... దట్... వాట్ ఈజ్ దట్..." అంటేనే మాట దొరకలేదని వినేవాళ్లకు తెలిసిపోతుంది. మీ రికార్డింగ్ విన్నప్పుడు ఎన్నిసార్లు ఆగారో లెక్కపెట్టకండి, వాక్యం పూర్తయ్యాక ఆగారా, సగంలో ఆగారా అన్నది చూడండి.

ఇక మీరు చిక్కుకున్న ప్రశ్ననే తీసుకుందాం. మీరు చెప్పానని రాసిన జవాబు: "మై గ్రాండ్‌మదర్ ఈజ్ వెరీ స్ట్రిక్ట్. ఇన్ దోజ్ డేస్ షీ ఈజ్ టేకింగ్ ఆల్ ద డెసిషన్స్." ఇందులో రెండు చిక్కులున్నాయి. ఒకటి, ప్రశ్న అందరి గురించి, జవాబు ఒక్కరి గురించి. రెండు, ఆ రోజుల గురించి చెబుతూ వర్తమానంలో మాట్లాడారు. ఈ రెండోది మన దగ్గర ఎంత మామూలంటే, క్లాసులో పది మందిని అడిగితే ఏడెనిమిది మంది ఇలాగే చెబుతారు. 'యూజ్డ్ టు' అందరికీ తెలుసు, రాయమంటే రాస్తారు, మాటల్లో మాత్రం రాదు. అప్పటికీ ఇప్పటికీ తేడా అడిగే ప్రశ్న పార్ట్ 3లో దాదాపు ఎప్పుడూ ఉంటుంది కాబట్టి ఇదొక్కటి సరిచేసుకున్నా వ్యాకరణం లెక్కలో తేడా కనిపిస్తుంది.

ఇప్పుడు ఇంగ్లిష్ పక్కన పెట్టండి. అదే ప్రశ్న మీ పక్క డ్యూటీ స్టాఫ్ తెలుగులో అడిగిందనుకోండి, ఏమంటారు? నేను క్లాసులో అడిగినప్పుడు సాధారణంగా ఇలా వస్తుంది: పూర్వం పొలం, ఇల్లు తాత పేరు మీద ఉండేవి, అందుకని పెళ్లయినా చదువైనా ఆయన మాటే చెల్లేది. ఇప్పుడు పిల్లలు ఎక్కడో ఉద్యోగం చేసుకుంటూ సొంతంగా సంపాదిస్తున్నారు, వాళ్ల నిర్ణయాలు వాళ్లే తీసుకుంటున్నారు. ఇంతవరకూ ఎవరైనా చెబుతారు. అక్కడ ఆపనివ్వను. "అయితే పెద్దవాళ్లకు ఇప్పుడు పనే లేదా?" అంటాను. అప్పుడు ఎవరో ఒకరు అందుకుంటారు: "ఎందుకు లేదు సార్, మనవళ్లను చూసుకోవడానికి అమ్మానాన్నల్ని బెంగళూరు, అమెరికా తీసుకెళ్తున్నారు కదా." అంతే, జవాబు దొరికింది. పెద్దవాళ్లకు అధికారం తగ్గింది, చాకిరీ మాత్రం మిగిలింది. ఏ పీడీఎఫ్‌లోనూ లేని మాట ఇది. మన ఇళ్లలోంచే వచ్చింది.

ఇప్పుడు దీన్ని మీకొచ్చిన ఇంగ్లిష్‌లోనే చెప్పండి. "ఐ థింక్ దే హావ్ లెస్ పవర్ దేన్ బిఫోర్. ఇన్ ద పాస్ట్, ద ల్యాండ్ అండ్ ద హౌస్ యూజువల్లీ బిలాంగ్డ్ టు ద గ్రాండ్‌ఫాదర్, సో ఎవ్రీవన్ హ్యాడ్ టు లిజన్ టు హిమ్. నౌ యంగర్ పీపుల్ అర్న్ దెయిర్ ఓన్ మనీ, ఆఫెన్ ఇన్ ఎ డిఫరెంట్ సిటీ, సో దే డిసైడ్ థింగ్స్ ఫర్ దెమ్‌సెల్వ్స్. బట్ గ్రాండ్‌పేరెంట్స్ స్టిల్ డూ ఎ లాట్. ఇన్ మెనీ ఫ్యామిలీస్ ఐ నో, దే మూవ్ టు ద సిటీ జస్ట్ టు లుక్ ఆఫ్టర్ ద చిల్డ్రన్."

ఇందులో మీకు తెలియని మాట ఒక్కటైనా ఉందా? అయినా ఇది మీ మొదటి జవాబు కంటే ఎన్నో మెట్లు పైన ఉంది. ఒక మాట అన్నారు, కారణం చెప్పారు, ఇప్పటితో పోల్చారు, 'కానీ' అని మరోవైపు చూపించారు. ఈ పొందిక కుదిరాకే పదజాలం సంగతి చూడాలి. 'లెస్ పవర్' బదులు 'లెస్ ఆఫ్ ఎ సే ఇన్ ఫ్యామిలీ మ్యాటర్స్', 'అర్న్ దెయిర్ ఓన్ మనీ' బదులు 'ఫైనాన్షియల్లీ ఇండిపెండెంట్', 'లుక్ ఆఫ్టర్' అన్నచోట 'హెల్ప్ బ్రింగ్ అప్'. జవాబుకు రెండో మూడో ఇలాంటి మాటలు చాలు. ముందు పెద్ద పదాలు ఏరుకుని వాటి చుట్టూ ఆలోచన అల్లబోతే, మాట కోసం తడుముకోవడమే మిగులుతుంది.

కొందరు ట్రైనర్లు మొదటి రోజు నుంచే ఇంగ్లిష్‌లో ఆలోచించమంటారు. మూడు వారాలే టైమున్న మనిషికి ఆ సలహా నేనివ్వను. మొదటి వారమంతా రోజుకు రెండు ప్రశ్నలు తీసుకుని తెలుగులోనే వాదించండి. భోజనాల దగ్గర ఇంట్లోవాళ్లతో, నైట్ డ్యూటీలో ఖాళీ దొరికితే తోటి స్టాఫ్‌తో. "ఆన్‌లైన్ షాపింగ్ వల్ల మన ఊళ్లో కొట్లు మూతపడతాయా?" "పిల్లలకు ఫోన్ ఏ వయసులో ఇవ్వాలి?" "పల్లె వదిలి టౌనుకు ఎందుకు వస్తున్నారు?" ఇవన్నీ పార్ట్ 3లో వచ్చే రకం ప్రశ్నలే. తెలుగులో ఒక నిమిషం మాట్లాడలేని విషయం మీద ఇంగ్లిష్‌లో మాట్లాడటం అయ్యే పని కాదు. తెలుగులో అనర్గళంగా చెప్పి ఇంగ్లిష్‌లో ఆగిపోతే అప్పుడు లోపం భాషలో ఉందని తెలుస్తుంది, దానికి మందు వేరు. ఎక్కడ నొప్పో తెలియకుండా మందు వేయరని మీకు నేను చెప్పక్కర్లేదు.

నర్సుగా మీకున్న సౌకర్యం మిగతా అభ్యర్థులకు లేదు. డిగ్రీ అయిపోయిన వెంటనే వచ్చే ఇరవై ఏళ్ల పిల్లలు ప్రతిదానికీ కాలేజీ ఉదాహరణే చెబుతారు, పాపం వాళ్లకు ఇంకోటి లేదు. మీరు వార్డులో రోజూ కుటుంబాలను దగ్గర నుంచి చూస్తున్నారు. నా దగ్గర నేర్చుకున్న ఒక స్టాఫ్ నర్సు ఇదే పెద్దవాళ్ల ప్రశ్నకు చెప్పిన ఉదాహరణ వినండి. ఆపరేషన్‌కు ముందు కన్సెంట్ ఫారం పట్టుకుని డాక్టరు వస్తాడు. పేషెంట్ డెబ్బై దాటిన పెద్దాయన, పూర్తి స్పృహలో ఉన్నాడు, అన్నీ అర్థమవుతున్నాయి. అయినా డాక్టరు కొడుకు వైపు తిరిగి వివరిస్తాడు. కొడుకు వేరే దేశంలో ఉన్న అన్నకు వీడియో కాల్ చేస్తాడు. ఇద్దరూ సరే అనుకున్నాక కాగితం పెద్దాయన ముందుకు వస్తుంది, సంతకం పెట్టడానికి. ఇది చెప్పి ఆమె ఒక్క వాక్యం కలిపింది: పెద్దవాళ్ల మీద ప్రేమ తగ్గలేదు, వాళ్లను అడగడం తగ్గింది. క్లాసంతా నిశ్శబ్దమైపోయింది. ఆమె ఇంగ్లిష్‌లో ఆర్టికల్స్ తప్పులున్నాయి, అయినా ఆ జవాబు ఎటుపోతోందో వినేవాళ్లకు ఎక్కడా సందేహం రాలేదు.

ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ఉదాహరణ ఉదాహరణగానే ఉండాలి, జవాబు మొత్తం అదే కాకూడదు. ముందు అందరికీ వర్తించే మాట, తర్వాత వార్డు సంగతి రెండు మూడు వాక్యాల్లో, మళ్లీ అందరి వైపు. మీరు నాయనమ్మతో మొదలుపెట్టి నాయనమ్మ దగ్గరే ఆగారు కాబట్టి ఇది నొక్కి చెబుతున్నాను.

అందరి గురించి చెప్పడానికి వ్యాకరణం కూడా కొంచెం మారుతుంది. 'పీపుల్స్' అనకండి. 'మోస్ట్ ఆఫ్ ద పీపుల్' అన్నది మన నోట ఊరికే వస్తుంది, 'మోస్ట్ పీపుల్' చాలు. 'ఆల్', 'ఎవ్రీబడీ', 'ఆల్వేస్' అని తీర్పులు ఇచ్చేయకుండా 'టెండ్ టు', 'జనరల్లీ', 'ఇన్ సమ్ ఫ్యామిలీస్' వాడండి. ఎదుటివాళ్లు "అందరూనా?" అని అడిగితే ఇరుక్కోరు. భవిష్యత్తు ప్రశ్నలకు మనవాళ్లు ప్రతి వాక్యంలో 'విల్' పెడతారు. 'మైట్', 'ఈజ్ లైక్లీ టు', 'ఐ డౌట్ ఇట్', 'అన్‌లెస్' లాంటివి కలిస్తే వ్యాకరణంలో వైవిధ్యం దానంతట అదే వస్తుంది. 'ఇఫ్' వాక్యాలు రెండు రకాలు నోటికి రావాలి: జరగగలిగేది, జరగనిది ఊహించేది. "ఇఫ్ హాస్పిటల్స్ హ్యాడ్ మోర్ నర్సెస్, ఫ్యామిలీస్ వుడ్ నాట్ హావ్ టు స్టే ఆల్ నైట్." ఇలాంటిది రోజుకు ఒకటి మీ పనిలోంచి తయారుచేసుకుని గట్టిగా పైకి అనండి.

ఇక పీడీఎఫ్ సంగతి. బట్టీ పట్టిన జవాబు ఎందుకు నష్టమంటున్నానో చెబుతాను. ఎగ్జామినర్లు అలాంటివి వినీ వినీ ఆరితేరి ఉంటారు. మీ సహజమైన వేగం ఒకటి, బట్టీ పట్టినదాని వేగం ఇంకొకటి. ఒక్కసారిగా గొంతు మారుతుంది, కళ్లు పైకి చూస్తాయి, అప్పటిదాకా 'గుడ్', 'బ్యాడ్' అన్న మనిషి ఉన్నట్టుండి 'డెట్రిమెంటల్' అంటుంది. అప్పుడు ఆయన ప్రశ్నను కాస్త పక్కకు తిప్పి అడుగుతాడు, బట్టీ అక్కడితో తేలిపోతుంది. "దట్స్ ఎ వెరీ ఇంట్రెస్టింగ్ క్వశ్చన్" అని ప్రతి జవాబు మొదట్లో అనడం, "ఎవ్రీ కాయిన్ హ్యాజ్ టూ సైడ్స్" అనడం కూడా ఈ కోవలోనివే. తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లే ప్రతి బ్యాచ్‌లో సగం మంది ఆ కాయిన్ తీస్తారు. పరిష్కారం అడిగితే "గవర్నమెంట్ షుడ్ టేక్ నెసెసరీ యాక్షన్స్" అనేది ఇంకో అలవాటు. ప్రభుత్వం అంటే సరే, ఏం చేయాలి? ఎవరు చేయాలి, పంచాయతీయా, ఆసుపత్రా, తల్లిదండ్రులా? అది చెబితే జవాబు, చెప్పకపోతే నినాదం. 'మోరోవర్', 'ఫర్దర్‌మోర్' రైటింగ్‌కు వదిలేయండి. మాటల్లో 'ఆల్సో', 'అనదర్ థింగ్ ఈజ్', 'దో' చక్కగా సరిపోతాయి.

పీడీఎఫ్‌ను పారేయమని మాత్రం అనను. జవాబుల మీద కాగితం కప్పి ప్రశ్నలు మాత్రమే వాడుకోండి. పనికొచ్చేవి అవే.

రెండో వారం నుంచి ఒక తోడు కావాలి. మీకంటే బాగా ఇంగ్లిష్ వచ్చినవాళ్లే దొరకాలని చూడకండి. వాళ్లు తప్పులు దిద్దుతూ కూర్చుంటారు, మీకు భయం పట్టుకుంటుంది. పరీక్షకు తయారవుతున్న తోటి నర్సు అయినా, ఇంటర్ చదివే తమ్ముడైనా చాలు. వాళ్లు చేయాల్సింది ఒకటే, మీరు ఆగిన ప్రతిసారీ చిన్న ఎదురు ప్రశ్న వేయడం: ఎందుకు? అందరి ఇళ్లలోనా? పల్లెల్లో కూడానా? అది మంచిదేనా? ఇంకో పదేళ్లకు? ఉదాహరణకు మీరు "యంగర్ పీపుల్ డిసైడ్ ఫర్ దెమ్‌సెల్వ్స్" అన్నారు. "అందరూనా?" "నాట్ ఎవ్రీవన్. వెన్ ఇట్ కమ్స్ టు మ్యారేజ్, ద ఎల్డర్స్ స్టిల్ హావ్ ఎ బిగ్ సే, ఎస్పెషల్లీ ఇన్ విలేజెస్." "ఎందుకని?" "బికాజ్ ఎ మ్యారేజ్ ఈజ్ బిట్వీన్ టూ ఫ్యామిలీస్, నాట్ జస్ట్ టూ పీపుల్." "అది మంచిదేనా?" ఇక్కడ మీరు ఆలోచిస్తారు. ఆలోచించండి, ఫర్వాలేదు. ఇలా ఒకే ప్రశ్న మీద ఐదు నిమిషాలు నిలబడటం వస్తే, ఇరవై ప్రశ్నలు పైపైన చూసినదానికంటే ఎక్కువ ఉపయోగం. కొన్ని రోజులయ్యాక ఎవరూ అడగకపోయినా ఆ 'ఎందుకు', 'అందరూనా' మీ లోపలే మోగుతాయి. రెండు వాక్యాలకే ఆగిపోయే జబ్బు అక్కడే తగ్గుతుంది.

జవాబు ఎంత పొడుగుండాలని చాలామంది అడుగుతారు. గడియారం పెట్టుకోకండి. నాలుగైదు వాక్యాలు, మరీ గట్టిగా చెప్పాలనిపిస్తే ఇంకో రెండు. చెప్పింది అయిపోయాక అదే మాటను మళ్లీ మళ్లీ తిప్పి చెప్పడం కంటే ఆగిపోవడం మేలు. ఆయన ఇంకో ప్రశ్న అడుగుతాడు, అది ఆయన పని.

ప్రశ్న అర్థం కాకపోతే మొహమాటం లేకుండా అడగండి. మనవాళ్లు ఇక్కడ అనవసరంగా మర్యాదకు పోయి, సగం అర్థమైన ప్రశ్నకు ఏదో చెప్పేస్తారు. పార్ట్ 3లో "డూ యూ మీన్ ఇన్ సిటీస్, ఆర్ ఇన్ జనరల్?" అని అడిగితే అది సంభాషణలో భాగమే. కాకపోతే 'పార్డన్' అని ఒక్క ముక్క అనకుండా, ఏం అర్థం కాలేదో చెప్పండి. అస్సలు తెలియని విషయం వస్తే, "ఐ హావెంట్ రియల్లీ థాట్ అబౌట్ దిస్, బట్ ఐ సపోజ్..." అని మొదలుపెట్టి ఊహించి చెప్పండి. మ్యూజియంల గురించి అడిగారు, మీరు సాలార్‌జంగ్ మ్యూజియం కూడా చూడలేదు, ఏమైంది? జనం ఎందుకు వెళ్లరో చెప్పడానికి వెళ్లని మనిషి కంటే ఎవరు పనికొస్తారు? అయితే ఈ వాక్యం ఒక్కసారే. ప్రతి ప్రశ్నకూ అంటే అదీ బట్టీ కిందే లెక్క.

ఉచ్చారణ గురించి రెండు ముక్కలు చెప్పి వదిలేస్తాను. బ్రిటిష్ యాస అక్కర్లేదు, తెలుగు యాసకు మార్కులు పోవు. వినేవాళ్లు అర్థం చేసుకోవడానికి కష్టపడితేనే పోతాయి. మనం చూసుకోవాల్సింది పదాల చివర్లు: బహువచనం 'స్', భూతకాలం 'డ్' మింగేయడం, హల్లుతో ముగిసే పదాలకు చివర అచ్చు తగిలించడం, బస్సు, కారు అన్నట్టు. 'ఎవ్రీ'ని 'యెవ్రీ' అనడం, 'జూ'లో మొదటి ధ్వనిని తెలుగు 'జ'లా పలకడం కూడా ఉంటాయి గానీ, చివర్లు స్పష్టమైతే వ్యాకరణం కూడా బాగున్నట్టు వినిపిస్తుంది, ఒక దెబ్బకు రెండు పిట్టలు. ఇంకోటి, పదంలో ఏ అక్షరాన్ని ఒత్తి పలకాలో చూసుకోండి. 'డెవలప్'లో ఒత్తు రెండో అక్షరం మీద పడుతుంది, మనం మొదటిదాని మీద వేస్తాం.

మీ షిఫ్టులు మారుతుంటాయి కాబట్టి టైమ్‌టేబుల్ వేసివ్వను. రోజుకు అరగంట దొరికితే చాలు. ఫోన్‌లో రికార్డు చేసి వినడం ఎంత ఇబ్బందిగా ఉన్నా మానకండి. కానీ ఒకసారి వినేటప్పుడు ఒక్కటే పట్టుకోండి: ఈరోజు భూతకాలం, రేపు వాక్యం మధ్యలో ఆగడం, ఎల్లుండి పదాల చివర్లు. అన్నీ ఒకేసారి వెతికితే రెండో రోజుకే విసుగొస్తుంది. చివరి వారంలో మూడు భాగాలూ కలిపి పూర్తి మాక్ రెండు రోజులకొకటి చేయండి. పార్ట్ 2 అయ్యాక గ్యాప్ తీసుకోకుండా పార్ట్ 3లోకి దిగండి, మీకు అసలు కుదుపు తగిలింది ఆ మలుపు దగ్గరే కదా. పరీక్షకు ముందు రోజు కొత్త ప్రశ్నలేవీ ముట్టుకోవద్దు.

కొన్ని సెంటర్లలో స్పీకింగ్ వీడియో కాల్ మీద జరుగుతుంది. ఎగ్జామినర్ స్క్రీన్ మీద ఉంటాడు, ప్రశ్నలూ సమయమూ మామూలే. అలా పడితే ముందుగా ఒకటి రెండు మాక్‌లు వీడియో కాల్‌లో చేయించుకోండి. అవతలి గొంతు అర సెకను ఆలస్యంగా వస్తుంది, ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం జరుగుతుంది, అలవాటు లేకపోతే కంగారు పడతారు. స్పీకింగ్ మిగతా మూడింటి రోజే కాకుండా వేరే రోజు కూడా పడొచ్చు, నైట్ డ్యూటీ దిగి నేరుగా వెళ్లే పరిస్థితి రాకుండా చూసుకోండి.

డబ్బు విషయం కూడా చూసుకోండి. యూకేలో నర్సులను రిజిస్టర్ చేసే నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్‌కు అకడమిక్ ఐఈఎల్‌టీఎస్‌లో స్పీకింగ్, లిజనింగ్, రీడింగ్ మూడింటికీ 7, రైటింగ్‌కు 6.5 కావాలి. రెండు పరీక్షల స్కోర్లు కలిపి చూపించే వెసులుబాటు కౌన్సిల్ ఇస్తుంది. కానీ దానికి కనీస మార్కుల షరతు, గడువు ఉన్నాయి. ఇంకోవైపు కంప్యూటర్ మీద రాసినవాళ్లకు ఒక్క స్కిల్ మాత్రమే మళ్లీ రాసే వన్ స్కిల్ రీటేక్ ఉంది, మొదటి పరీక్ష తేదీ నుంచి 60 రోజుల్లోపు రాయాలి. అది అన్ని సంస్థలూ ఒప్పుకోవు. కాబట్టి ఫీజు కట్టేముందు ఈ రెండు సంగతులూ కౌన్సిల్ వెబ్‌సైట్‌లోనే చూసుకోండి, ఏజెంటు నోటి మాట నమ్మి కట్టొద్దు. ఒకవేళ ఈసారి కూడా 6.5 వచ్చి, మీకు మాత్రం బాగా మాట్లాడాననే అనిపిస్తే, ఆరు వారాల్లోపు ఫీజు కట్టి రీమార్కింగ్ అడగొచ్చు. స్పీకింగ్ మొత్తం రికార్డు అవుతుంది కాబట్టి ఆ రికార్డింగ్ విని మళ్లీ మార్కులు వేస్తారు, స్కోరు పెరిగితే ఆ ఫీజు తిరిగి ఇచ్చేస్తారు.